సమ్మక్కకు జ్వరం రావాలి

మొదటి రోజు, మొదటి షిఫ్టు

ఈ బుక్కు మొదటి పేజీలో పై ఆఫీసువాళ్ళు ఒక సూచన అచ్చేశారు. కేజ్‌లో ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, ఏ సామాను వచ్చింది, రోజుకు మూడు వరుసలు, అంతకు మించి రాయవద్దు. నా పేరు గట్టయ్య. ఈ ఏడో నంబరు బొగ్గు బాయిలో పన్నెండేళ్ళుగా కేజ్ నడుపుతున్నాను. కేజ్ అంటే మనుషుల్ని భూమిలోకి దించే ఇనప బోను. మూడు వరుసల్లో పట్టే రోజు నాకింతవరకు తగల్లేదు. మా తాత కాలంలో ఇదే బోనులో బొగ్గు పైకొచ్చేది. ఇప్పుడు పిల్లలు కిందికి దిగుతున్నారు.

పైన గాలినిండా కబుర్లే. గోడలు మాట్లాడతాయి, కళ్ళద్దాలు మాట్లాడతాయి, ఎరువు బస్తా కూడా తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటుంది. ఆ కబుర్లు మోసే అలల రొదలో వైద్యం చేసే చీమలు, అంటే ఒంట్లోకి పంపే సన్నటి యంత్రాలు, దారి తప్పుతాయి. మూడు వందల అరవై మీటర్ల రాతి కిందికి అటువంటి అల ఒక్కటీ దిగదు. బొగ్గు అయిపోయిన బాయిలో ఆసుపత్రి పెట్టింది అందుకే. నేనిట్లా చేత్తో రాయడమూ అందుకే.

ఇవాళ ముగ్గురు దిగారు. సమ్మక్క, నాలుగేళ్ళు, పదకొండు కిలోలు. తల్లి స్వరూప, బడిలో లెక్కలు చెబుతుంది. తండ్రి ఓదెలు, మబ్బులకు ఉప్పు చల్లే పని. కబుర్లు వినిపించే చెవిపూసలు తీసి బుట్టలో వేయమంటే ఇద్దరూ మారుమాట లేకుండా వేశారు. మామూలుగా ఇక్కడ జనం పన్ను పీకినంత గోల చేస్తారు.

కేజ్ కదలగానే పిల్ల అడిగింది.

"తాతా, గిది ఏడిదాక పోతది?"

"భూమి కడుపులకు బిడ్డా."

"భూమి ఏం తిన్నది?"

"బొగ్గు."

"ఛీ," అంది సమ్మక్క. దారి పొడుగునా భూమి మీద జాలిపడుతూనే ఉంది.

రెండో రోజు

ఈ పిల్ల జబ్బు గురించి తెలుసుకున్నాను. నాకు చదువు చెప్పినవాళ్ళు లేరు. తూకానికి అమ్మేసిన పుస్తకాలు చదివి అంతో ఇంతో నేర్చుకున్నాను. అట్ట చిరిగినవే కొనేవాణ్ణి కాబట్టి నాకు చాలా విషయాల్లో మొదలు తెలియదు, నడుమ నుంచి బాగా తెలుసు.

సమ్మక్క ఒంటికి శత్రువెవరో తెలియదు. పుట్టినప్పట్నుంచి ఒక్కనాడు జ్వరం రాలేదట. ఇల్లంతా దగ్గి తుమ్ముతుంటే ఈ పిల్ల మాత్రం చల్లగా ఆడుకునేదట. వాడకట్టు ఆడవాళ్ళు స్వరూపను చూసి ఈర్ష్యపడ్డారట కూడా. మూడో ఏట అరికాల్లో తుమ్మముల్లు దిగింది. ఆ ముల్లు వెంట పోయిన విషం ఊపిరితిత్తులదాకా పాకింది, అప్పుడూ ఒళ్ళు వేడెక్కలేదు. కోటకు శత్రువు నిచ్చెనేసి ఎక్కుతుంటే కావలివాడు నిద్రపోయినట్టు.

డాక్టర్ నస్రీన్ తీరు నాకు నచ్చుతుంది. తల్లిదండ్రులకు ఏ సంగతైనా వంటింట్లో కూచుని చెబుతున్నట్టు చెబుతుంది. "పిల్ల ఎముకల్లో మూలుగ ఉంది చూడండి, చీమలు అందులోకి పోయి పాతది తీసి కొత్తది కడతాయి. కట్టడం వాటికి వచ్చు. కొట్లాడటం రాదు. అది మీ ఒంటి నుంచి నేర్చుకోవాలి."

అందుకు జోడు పట్టీ ఉంది. ఒక కొస పిల్ల మణికట్టుకు, ఇంకో కొస తల్లికో తండ్రికో. పెద్దవాళ్ళ ఒంట్లో ఏం జరిగితే ఆ కబురు పట్టీలోంచి చీమలకు పోతుంది. భయమేస్తే గుండె ఎట్లా పరిగెడుతుంది, దెబ్బ తగిలితే నెత్తురు ఎవరిని పిలుస్తుంది, కోపమొస్తే ఏ రసం ఊరుతుంది. మేస్త్రీ పక్కన కూలీ నిలబడి పని నేర్చుకున్నట్టు.

చీమల ఆయుష్షు రెండు వందల ఎనభై రోజులు. ఆ తరువాత కరిగిపోతాయి. ఒక ఒంట్లోకి ఒక్కసారే పంపగలరు. అప్పటికి పిల్ల మూలుగ నేర్చుకుంటే సరే. లేకపోతే పైన ఒక అద్దాల గది ఇస్తారు, జన్మంతా అందులోనే.

స్వరూప, ఓదెలు తలలూపారు. ముఖాల్లో గీత కదలలేదు. ఇంత నిబ్బరం నేనెక్కడా చూడలేదు.

తొమ్మిదో రోజు

దిగిన సామాను: బియ్యం, పెరుగు గిన్నె, దువ్వెన, పలక, నిమ్మళం చుక్కలు నాలుగు సీసాలు.

తల్లి మొదటి షిఫ్టు కూచుంటుంది, తండ్రి రెండోది. పిల్ల నిద్రపోయాక మూడో షిఫ్టు పంచుకుంటారు. వాళ్ళు కూచునే తీరు చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంది. పక్క గదిలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ఉన్నాడు. పట్టీ కట్టుకుని గంటకోసారి గోడకు తల కొట్టుకుంటాడు, మరో గంటకు ఎవరితోనైనా అంత్యాక్షరి పాడతాడు. వీళ్ళు మాత్రం నిలవ నీళ్ళలా ఉంటారు. సూది గుచ్చినప్పుడు పిల్ల కెవ్వుమన్నా స్వరూప అదే గొంతుతో, "అయిపోయింది బంగారం, అయిపోయింది," అంటుంది. మెచ్చుకోకుండా ఉండలేం.

నలభై ఒకటో రోజు

ఇవాళ చీమల్ని చూశాను.

పని చేసేటప్పుడు అవి సన్నటి వెలుగునిస్తాయని విన్నాను కానీ, పన్నెండేళ్ళలో ఏ పిల్ల ఒంట్లోనూ చూడలేదు. సామాను ఇచ్చి రావడం తప్ప కేజ్ వాడికి వార్డులో పనేముంటుంది? సమ్మక్కే నన్ను కబురంపి పిలిపించింది. "తాతకు చూపియ్యాలె" అని మొండికేసిందట. డాక్టరమ్మ దీపం ఆర్పింది. బాయి చీకటంటే పైవాళ్ళకు తెలియదు. చెయ్యి కంటికి ఆనించుకున్నా కనబడదు. అటువంటి చీకట్లో ఆ పిల్ల మణికట్టు లోపల ఆవగింజలంత నీలం చుక్కలు కదిలాయి. పదులు, వందలు. ఒకదాని వెనక ఒకటి బారులు తీరి, ఎముక ఎక్కడుందో తెలిసినట్టు వంపు తిరిగి, లోపలికి పోయి మాయమై, మళ్ళీ బయటికొస్తున్నాయి.

నా నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం రాసిపెట్టుకోవలసిన సంగతే, అందుకే రాస్తున్నాను.

"గిది మా మేనత్త," అని సమ్మక్క ఒక చుక్కను చూపించింది. "గిది ఎంకట్‌రెడ్డి సారు. గిది మా మేక."

"మేకకూ చీమకూ ఒకటే పేరా?"

"మేక చచ్చిపోయింది తాతా. గందుకు."

చీకట్లో స్వరూప గొంతు వినబడింది, మళ్ళీ అదే నిదానంతో. "మంచి పేరు పెట్టినవ్ బంగారం."

తొంభై ఆరో రోజు

దిగిన సామాను: పుస్తకాలు, మామిడికాయ తొక్కు, పిల్లకు గౌను, నిమ్మళం చుక్కలు ఆరు సీసాలు.

చీమలు మోచెయ్యి దగ్గర ఆగిపోయాయి. ఈపాటికి వెన్నెముక చేరాలి. డాక్టరమ్మ రోజూ దీపం ఆర్పి చూస్తోంది. మోచెయ్యిదాకా బారు వస్తుంది, అక్కడ గుంపుగా నిలబడుతుంది. పని లేని కూలీలు అడ్డా మీద నిలబడినట్టు.

"అలసిపోయినయేమో," అంది సమ్మక్క. వాటికి వినబడేట్టు తన చేతికి కథ చెప్పడం మొదలుపెట్టింది. అందులో మేక బతికే ఉంది.

నూట ముప్ఫై ఒకటో రోజు

ఇవాళ పరీక్ష చేశారు. చచ్చిన క్రిమి పొడి కొంచెం పిల్ల నెత్తురుకు చూపించారు. కొత్త మూలుగ దాన్ని చూసి ఏదో ఒకటి చెయ్యాలి. కనీసం ఎర్రటి దద్దురు లేవాలి. ఆరు గంటలు చూశారు. చర్మం పాలమీగడలా అట్లాగే ఉంది.

డాక్టర్ నస్రీన్ కేజ్‌లో పైకొస్తూ నాతో అంది. "గట్టయ్య గారూ, సగం రోజులు అయిపోయాయి. మోచెయ్యిదాకా ఇల్లు కట్టాయి. ఇంట్లో మనిషి లేడు."

"తల్లిదండ్రులకు చెప్పారా?"

"చెప్పాను. ఇద్దరూ తలూపి, రేపు ఎన్ని గంటలకు కూచోవాలని అడిగారు." ఆమె కేజ్ కడ్డీ పట్టుకుంది. "నేనే ఏడ్చాను. వాళ్ళు నాకు మంచినీళ్ళిచ్చారు."

నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు. వయసైపోతే గుచ్చుకున్న చోటు దొరకడానికి టైం పడుతుంది.

నూట నలభై ఎనిమిదో రోజు

ఈ రోజు సంగతి వరుసగా రాస్తాను. పక్కదారులు పట్టకుండా ప్రయత్నిస్తాను.

రెండో షిఫ్టు ముందు ఓదెలు నాతో పాత సొరంగంలోకి వచ్చాడు. నెలకోసారి కప్పు చూసిరావడం నా పని. ఒక్కణ్ణే పోవద్దని రూలు. అక్కడ మా తాతల కాలంనాటి స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి, సగం కర్రవి, సగం ఇనపవి. ఓదెలు దీపం పట్టుకుని అడిగాడు.

"కాకా, ఇనుము ఉండంగ కర్ర ఎందుకు పెట్టిండ్రు? ఇనుము దొరకలేదా?"

"దొరికింది. మా తాతే వద్దన్నడు."

మా తాత ఈ బాయిలో కర్రలు నిలబెట్టే పని చేశాడు. ఆయన గురించి చెప్పాలంటే ఆయన మీసాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఇవాళ అది వదిలేస్తాను. ఆయన నాకు చెప్పినట్టే నేను ఓదెలుకు చెప్పాను. "ఇనుము గట్టిదే కొడుకా. కానీ విరిగేదాక చప్పుడు చెయ్యది. ఒక్క నిమిషం ముందుదాక అట్లనే నిలబడి, టక్కున కూలుతది. కర్ర అట్ల కాదు. పైన బరువెక్కుతుంటే కిర్రుమంటది, పొట్టు రాలుస్తది, ఏడుస్తది. ఆ ఏడుపు ఇని మనుషులు ఉరుకుతరు. ఇనప స్తంభం కింద పనిచేసెటోడికి కప్పు పడుతదన్న సంగతి ఎట్ల తెలుస్తది?"

ఓదెలు ఒక ఇనప స్తంభం మీద చెయ్యేసి నిలబడ్డాడు. నవ్వినట్టు పెదవులు కదిలించాడు.

"అయితే నేనూ స్వరూపా ఇనుమే కాకా."

"అంటే?"

"పిల్ల ముందు ఏడువొద్దని ఒట్టు పెట్టుకున్నం. మేం భయపడితే అది భయపడుతది గద. చుక్కలు పూటకు మూడేసుకోవాలని సీసా మీద ఉన్నది. మేం పది ఏసుకుంటున్నం. ఇప్పుడు పన్నెండు."

నిమ్మళం చుక్కల గురించి ఎవరికి తెలియదు? పైన అందరూ వేసుకుంటారు. పొద్దున చాయ్‌లో మూడు చుక్కలు, గుండె దడ ఉండదు, కోపం రాదు, బస్సులో సీటు కోసం ఎవరూ కొట్టుకోరు. నేనొకసారి మూడు రోజులు వేసుకున్నాను. మూడు రోజులూ నాకు చెప్పడానికి ఒక్క పిట్టకథ తోచలేదు. సీసా తీసి పారేశాను. ఇక్కడికి దిగే తల్లిదండ్రులకు ఆ సీసాలు తెచ్చిచ్చేది నేనే. ఈ బుక్కులో నా చేతిరాతలోనే ఉంది చూడండి, నాలుగు సీసాలు, ఆరు సీసాలు. అంత పెద్ద అక్షరాలతో రాసుకుని ఒక్కసారీ చదవలేదు.

చీమలు ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నాయి? భయపడని గుండె దగ్గర. కోపం రాని నెత్తురు దగ్గర. ఆ పిల్ల మేస్త్రీలిద్దరూ చేతులు కట్టుకుని కూచున్నారు, కూలీలు మాత్రం ఏం చేస్తారు?

నాకు డెబ్బై ఒకటి. ఆ సొరంగంలోంచి వార్డుదాకా ఉరికాను. ఓదెలు నా వెనక, "కాకా, కప్పు పడుతున్నదా?" అని అరుస్తూ ఉరికాడు.

డాక్టరమ్మ చాయ్ తాగుతోంది. నేను చెప్పింది విని, "చుక్కలా? అందరూ వేసుకుంటారు గట్టయ్య గారూ. నేనూ..." అంటూ కప్పు నోటి దగ్గరే ఆపేసింది. "ఎన్ని? పన్నెండా?"

కప్పు కింద పెట్టింది. "మేం నింపించే కాగితంలో నూట పన్నెండు ప్రశ్నలున్నాయి. తాతకు మధుమేహం ఉందా అని అడుగుతాం. కలలొస్తాయా అని అడుగుతాం. చుక్కల సంగతి లేదు. ఉప్పు తింటావా అని ఎవరైనా అడుగుతారా?" ఆమె లేచింది. "మూడు చుక్కలయితే ఏదో కొంత కబురు దాటుతుంది. పన్నెండయితే పట్టీకి అవతల రాయి ఉన్నట్టే."

స్వరూప అంతా విన్నది. చుక్కల బలం చూడండి, ఆ మాట విన్నా ఆమె ముఖం కదల్లేదు. కూతురి మణికట్టు వైపు చూసి, లెక్క తప్పిన పిల్లవాడి పలక తిరిగిస్తున్నంత నెమ్మదిగా, "అంటే మేమే ఆపినం," అంది.

నూట నలభై తొమ్మిదో రోజు

దిగిన సామాను: ఏమీ లేదు. పైకి పోయిన సామాను: నిమ్మళం చుక్కలు, సగం సీసా ఒకటి, నిండు సీసాలు ఐదు. బాయి బయట మురికికాలవలో నేనే ఒంపాను. ఇవాళ ఆ కాలవలో కప్పలు చాలా ప్రశాంతంగా ఉంటాయి.

నూట యాభై రెండో రోజు

మూడు రోజులకు చుక్కలు ఒంట్లోంచి దిగిపోయాయి. మొదట ఓదెలు చేతులు వణికాయి. స్వరూప అన్నం కంచం ముందు కూచుని గంట సేపు చూసింది. ఇవాళ మొదటి షిఫ్టులో నేను పెరుగు గిన్నె ఇద్దామని పోయాను. పట్టీ స్వరూప చేతికుంది. ఓదెలు పిల్లకు తల దువ్వుతున్నాడు.

"పాపిట వంకర తీసినవ్," అంది స్వరూప.

"సక్కగనే ఉన్నది."

"ఏడ సక్కగున్నది? నాలుగేండ్లల్ల ఒక్కనాడన్న సక్కగ దువ్వినవా? నీకు ఏది సక్కగ కనబడ్డది?"

"పాపిట గురించి గింత లొల్లి ఎందుకే?"

"పాపిట గురించా?" స్వరూప లేచి నిలబడింది. పట్టీ లాగితే పిల్ల చెయ్యి కూడా లేచింది. "ముల్లు గుచ్చుకున్ననాడు ఏమన్నవ్? పిల్లలకు ముల్లు గుచ్చుకోదా అన్నవ్! జరమొస్తే దవాఖానకు పోదాం, రాలేదు గద అన్నవ్! రెండు రోజులు ఆగినం. నీ మాట ఇని ఆగిన! తల్లినై ఉండి ఆగిన!"

ఆమె గొంతు సొరంగంలో మారుమోగింది. పక్క గదుల్లో మాటలన్నీ ఆగిపోయాయి. ఓదెలు దువ్వెన పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"నేనన్నదే," అన్నాడు. "ఆ మాట నాకు దినాం ఇనబడుతనే ఉన్నది స్వరూపా. పన్నెండు చుక్కలేసుకున్నా ఇనబడ్డది."

అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. పెద్ద మనిషి ఏడిస్తే చప్పుడు వేరుగా ఉంటుంది. స్వరూపా ఏడ్చింది. ఒక చేత్తో అతని జుట్టు పట్టుకుంది, కొట్టడానికో నిమరడానికో ఆమెకే తెలిసినట్టు లేదు.

అప్పుడు సమ్మక్క మెల్లగా అంది. "అమ్మా, మేనత్త ఉరుకుతున్నది."

దీపం వెలుగులోనే ఆ చుక్క పరుగు కనిపించింది. డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో, చెయ్యి చాపి దీపం ఆర్పేసింది.

నాకున్న మాటలన్నీ ఇక్కడ చాలవు. కొలిమిలో తిత్తి ఊదితే బొగ్గుల మీద ఎరుపు ఎట్లా పాకుతుందో చూశారా? అది నీలం రంగులో ఉంటే అట్లా ఉంటుంది. మోచెయ్యి దగ్గర గుంపుగా నిలబడిన వెలుగు ఒక్కసారిగా కదిలింది. భుజం ఎక్కింది. మెడ కింద రెండుగా చీలి, పక్కటెముకల మీదుగా దిగింది. ఒక్కో ఎముక విడివిడిగా వెలిగింది. లెక్కపెట్టాను, ఇటు పన్నెండు, అటు పన్నెండు. తరువాత వెన్నుపూసలు, ఒకదాని కింద ఒకటి, ఎవరో లోపల మెట్లు దిగుతూ దీపాలు పెడుతున్నట్టు. నాలుగేళ్ళ పిల్ల ఒంట్లో ఒక ఊరంతా మేలుకున్నది. స్వరూప వెక్కిళ్ళు ఎట్లా వస్తుంటే ఆ వెలుగు అట్లా ఎగసి తగ్గుతోంది. తల్లి గుండెను ఆ పిల్ల ఎముకల్లో కళ్ళతో చూశాను. కోట్ల ఏళ్ళ కిందటి అడవి బొగ్గయి ఈ రాతిలో పడుకుంది. ఇన్నేళ్ళలో అదీ ఇటువంటిది చూసి ఉండదు.

ఆ చీకట్లో మాట్లాడింది సమ్మక్కే.

"బాపు ఏడిస్తే ముక్కు మస్తు పెద్దగైతది."

నూట తొంభయ్యో రోజు

ఇప్పుడు ఆ గది ముందు నుంచి పోవాలంటే చెవులు మూసుకోవాలి. కొట్లాడతారు, నవ్వుతారు, పేకాడి దొంగాట మీద మళ్ళీ కొట్లాడతారు. చీమలకు అన్నీ నేర్పాలి మరి. నన్ను కూడా వాడుకున్నారు. నేను తలుపు వెనక నుంచి దూకి స్వరూపను భయపెట్టాలి, ఆమె చెయ్యి పట్టీలో ఉండగా. మొదటిసారి దూకినప్పుడు ఆమె పెరుగు గిన్నె నా నెత్తికేసి కొట్టింది. చీమలకు చాలా మంచి పాఠమని డాక్టరమ్మ అంది. నాకు మూడు కుట్లు పడ్డాయి.

రెండు వందల ముప్ఫై మూడో రోజు

ఇక మిగిలింది జ్వరం. ఒక పెద్దమనిషి ఒంట్లో నిజం జ్వరం వచ్చి, దిగేదాకా చీమలు పక్కనుండి చూడాలి. డాక్టరమ్మ మామూలు పడిశం క్రిమిని చిన్న గొట్టంలో తెచ్చింది. పట్టీలోంచి కబురు పోతుంది కానీ క్రిమి పోదట, అంతవరకు భయం లేదు.

గొట్టం బల్ల మీద పెట్టగానే ఇద్దరూ చెయ్యి చాపారు.

"నేను తీసుకుంట. తల్లిని."

"నీకు పడిశమొస్తే రెండు దినాల్ల తగ్గుతది. నాకైతే వారం పడుతది. చీమలు ఎక్కువ నేర్చుకుంటయ్."

"నీది ఉత్త నటన జరం. మీ అమ్మ దగ్గర పెరుగన్నం కోసం తెచ్చుకునేది."

చీటీ వేశాం. తీసింది సమ్మక్క. ఓదెలు పేరొచ్చింది. ఉద్యోగం వచ్చినవాడిలా నవ్వాడు.

రెండు వందల నలభై ఒకటో రోజు

వారం రోజులు ఓదెలు వణికాడు, మూలిగాడు, పలవరించాడు. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు వేసుకుని కూడా కూతురి చెయ్యి వదల్లేదు. ఆరో రోజు చెమట పట్టి జ్వరం దిగుతున్నప్పుడు దీపం ఆర్పి చూశాం. పిల్ల ఒంటినిండా పరుచుకున్న వెలుగు అతని ఊపిరితో పాటే మెల్లగా, మెల్లగా నెమ్మదించింది. యుద్ధం ఎట్లా మొదలుపెట్టాలో ఒకటే కాదు, ఎట్లా ఆపాలో కూడా నేర్చుకుంటున్నాయని డాక్టరమ్మ అంది. మనుషులకు ఇంకా రాని విద్య.

రెండు వందల ఎనభయ్యో రోజు

చీమలు కరిగిపోయాయి. సమ్మక్క ఒక్కొక్కదానికీ పేరు పెట్టి పోయిరమ్మని చెప్పింది. షిఫ్టున్నర పట్టింది. పట్టీ కత్తిరించారు. స్వరూప మణికట్టు మీద తెల్లటి గీత పడి ఉంది. దాన్ని రుద్దుకుంటూ కూచుంది.

రేపు అదే పడిశం క్రిమి పిల్లకిస్తారు. ఇక నేర్పేవాళ్ళు లేరు. పట్టీ లేదు. ఐదు రోజుల్లో సొంతంగా జ్వరం వస్తే పైకి, ఇంటికి. రాకపోతే క్రిమికి మందిచ్చి చంపి, పిల్లను అద్దాల గదికి.

రెండు వందల ఎనభై నాలుగో రోజు

రాలేదు. పొద్దున తొంభై ఎనిమిది. సాయంత్రం తొంభై ఎనిమిది. వంటవాళ్ళు, పంపు దగ్గరివాళ్ళు, నెల్లూరాయన, అందరూ తలుపు దగ్గరికొచ్చి, "వచ్చిందా?" అని అడిగి పోతున్నారు. ఎవరో ఊరి నుంచి చుట్టం రావాలన్నట్టు. డాక్టరమ్మ నా కేజ్‌లో పైకీ కిందికీ ఊరికే రెండుసార్లు తిరిగింది.

ఓదెలు గోడకు ఆనుకుని అన్నాడు, "కాకా, నా దగ్గరున్నదంత ఇచ్చిన. ఇంకేం మిగలలే."

రెండు వందల ఎనభై ఐదో రోజు, రెండో షిఫ్టు

పిల్ల పలక మీద బొమ్మ గీస్తోంది. గీస్తూ గీస్తూ బలపం కింద పెట్టి, "అమ్మా, సలి పెడుతున్నది," అంది.

స్వరూప నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఓదెలు చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. ఓదెలు నా చెయ్యి తీసుకున్నాడు. యాభై ఏళ్ళు ఇనుము పట్టిన చెయ్యి నాది, మంటకు తప్ప దేనికీ తెలివి రాదు. దానికి కూడా తెలిసింది. పెనం పొయ్యి మీదెక్కిన కొత్తలో ఉంటుందే, ఆ వేడి. పట్టీ లేదు, పక్కన నేర్పేవాళ్ళూ లేరు. ఆ చిన్న ఒళ్ళు తనంతట తను శత్రువును గుర్తుపట్టి, తన కొలిమి తనే రాజేసుకుంది.

డాక్టరమ్మ థర్మామీటరు రెండుసార్లు చూసి, చదవలేక నాకిచ్చింది. నూట ఒకటి పాయింటు నాలుగు.

తలుపు దగ్గర నెల్లూరాయన, "వచ్చిందా?" అన్నాడు. ఓదెలు తలూపాడు. సొరంగం పొడుగునా కేకలు పోయాయి. వంటింట్లో ఎవరో గిన్నె వాయించారు. గదిలో ఉన్నవాళ్ళమంతా ఏడుస్తున్నాం, నవ్వుతున్నాం.

సమ్మక్క దుప్పటిలోంచి ముఖం బయటపెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినీ కోపంగా చూసింది.

"నాకు పానం మంచిగలేదు. మీరెందుకు నవ్వుతున్నరు?"

"అయ్యో బిడ్డా, తడిగుడ్డ పెడుత," అని స్వరూప పరుగున పోయి చెంబులో గుడ్డ ముంచింది. ముంచి, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆగిపోయింది. నాలుగేళ్ళు దాటిన పిల్లకు తల్లి, ఒక్కసారీ జ్వరానికి గుడ్డ పెట్టి ఎరగదు.

"కాకా," అంది నావైపు తిరిగి, "పిండాల్నా? గట్లనే పెట్టాల్నా?"

నేను చెప్పేలోపే పెట్టేసింది. నీళ్ళు ధారగా కారాయి.

"అమ్మా! చెవులల్ల పడ్డయే!" అని సమ్మక్క అరిచింది.